పండక్కి ఊరొచ్చారా? ఎవరికి ఎంత ఇవ్వాలి, ఎలా ఇవ్వాలి

భోగికి రెండు రోజుల ముందు నుంచే రావులపాలెం సెంటర్లో తెలంగాణ నంబర్ల కార్లు బారులు తీరతాయి. వాటిలో దిగేవాళ్లలో రెండు రకాలు కనిపిస్తారు. మొదటి రకం ప్రతి పనికీ గీచి గీచి బేరమాడి, చివర్లో "ఇదుగో, టీ తాగు" అని పది రూపాయలు ఇచ్చి పెద్ద దాతలా మొహం పెడతారు. రెండో రకం కనబడిన వాళ్లందరికీ ఐదొందల నోటు తీసిచ్చి కనుమ మర్నాడు కారెక్కేస్తారు. ఆ తర్వాత అదే పని చేయించుకోవాల్సిన రిటైర్డ్ మాస్టారికి, పక్కింటి మామ్మగారికి ఆ రేటు చుట్టుకుంటుంది. ఇద్దరితోనూ ఊరికి ఇబ్బందే. మీరు హైదరాబాదు నుంచి వచ్చినా, అమెరికా నుంచి వచ్చినా, ఉద్యోగం మీద కొత్తగా భీమవరంలోనో అమలాపురంలోనో కాపురం పెట్టినా, కింద చెప్పిన పద్ధతి పాటిస్తే మీకూ టెన్షన్ ఉండదు, ఎదుటివాళ్లకీ చిన్నతనం ఉండదు. ఇందులో నేను వేసిన అంకెలు నా అంచనాలు. మీ ఊరిని బట్టి కాస్త అటూ ఇటూ సర్దుకోండి.

ముందు కూలి తేల్చండి

టిప్పు సంగతి తర్వాత. అసలు కూలి ఎంతో పని మొదలవకముందే కనుక్కోండి. కూలిలో యాభై కోసేసి టిప్పుగా ఇరవై ఇస్తే మీరు ముప్పై మిగుల్చుకున్నట్టే. చేసినవాడికి ఆ లెక్క మీకంటే బాగా తెలుసు.

కొబ్బరి దింపు సంగతి చూడండి. దింపు కార్మికుడికి చెట్టుకింత అని లెక్క. ఊరిని బట్టి, చెట్టు ఎత్తును బట్టి, కూలీల దొరుకుబడిని బట్టి అది మారుతుంది. పక్క తోట రైతుని అడిగితే ఈ సీజన్ రేటు నిమిషంలో చెప్తాడు. ఆ రేటు మీ నోటితో మీరే ముందు చెప్పండి: "చెట్టుకి ఇంత నడుస్తోందంట కదా బాబాయ్, అంతే ఇస్తాను." ఇక బేరం అక్కర్లేదు. ఎండుమట్టలు కొట్టి తల శుభ్రం చెయ్యాలంటే అది వేరే పని, దానికి వేరే డబ్బు. కిందపడిన కాయలు పోగు చెయ్యడం, వలవడం కూడా దింపులో కలిసిపోవు. మీ పెరట్లో ఉన్నవి రెండే చెట్లైతే చెట్టు లెక్కన ఇస్తానని పట్టుబట్టకండి. ఆ రెండు చెట్ల కోసం ఆయన సైకిలేసుకుని వచ్చి, పెద్ద తోటలో పని వదులుకున్నాడు. రాకపోకలకి కలిపి ఒక మొత్తం మాట్లాడుకోవడం న్యాయం. దిగాక రెండు కాయలు ఇంటికి పట్టుకెళ్లమనడం చాలా చోట్ల ఉన్న మర్యాదే. అవి కూలిలో లెక్కెయ్యకండి.

ఇంకోమాట. వాన పడి మాను జారుతున్నప్పుడు ఆయన "ఈ రోజొద్దండి" అంటే "ఇంకో వంద ఇస్తాలే, ఎక్కు" అనొద్దు. అవసరంలో ఉన్న మనిషి ఆ వంద కోసం ఎక్కుతాడు, పడితే నడుం విరుగుతుంది. ప్రమాదాన్ని కొనే డబ్బుని టిప్పు అనరు.

చేపల బజారులోనూ ఇదే తికమక. చేప కొన్నాక పొలుసు గీసి, ముక్కలు కోసి ఇచ్చేవాళ్లు చాలా బజార్లలో వేరే ఉంటారు. కత్తిపీట ముందు పొద్దుటి నుంచి కూర్చున్న ఆ ఆడవాళ్లకి కేజీకి ఇంత అని రేటు ఉంటుంది. అది వాళ్ల కూలి, మీ దయ కాదు. వేలు పోసి పులస కొన్నవాళ్లు కోసిచ్చినందుకు ఇరవై దగ్గర గొడవపడటం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు. పులస లాంటి చేపని తల చెదరకుండా, జన (కడుపులోని గుడ్లు) పాడవకుండా కోసిపెడితే రేటు మీద ఇంకో ఇరవయ్యో యాభయ్యో ఇవ్వండి. అదీ టిప్పంటే.

చిల్లర దగ్గర పెట్టుకోండి

ఫోన్‌పే వచ్చాక టిప్పుకి వచ్చిన పెద్ద కష్టం ఇదే. హోటల్లో మీరు స్కాన్ చేసేది యజమాని ఖాతా. బిల్లు మీద ఇరవై కలిపి కొట్టి "మీ సర్వర్‌కి ఇచ్చెయ్యండి" అంటే అది చేరుతుందో లేదో మీరు చూడబోరు. పండక్కి బయల్దేరేముందే బ్యాంకులో పది, ఇరవై, యాభై నోట్లు తీసుకోండి. ఊళ్లో దిగాక వెతికితే దొరకవు, ఆ వారమంతా అందరికీ అవే కావాలి.

పది రూపాయల నాణేలు మన వైపు చాలా కొట్లలో తీసుకోరు, కారణం అడిగితే "చెల్లవండి" అంటారు. అవి చెల్లుతాయి. 14 డిజైన్లూ చెల్లుబాటేనని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలోనే ప్రకటించింది. అయినా సరే, టిప్పుగా మాత్రం ఇవ్వకండి. మీ దగ్గర పేరుకుపోయినవి వదిలించుకుంటున్నారని అనుకుంటారు. పైగా ఆయన్ని కూడా రేపు కొట్లో వద్దనే అంటారు. చిరిగిన నోట్లదీ ఇదే సంగతి.

నోటు లేకపోతే "మీ నంబర్ చెప్పండి, ఫోన్‌పే చేస్తాను" అని నేరుగా అడగండి. ఎవరూ ఏమీ అనుకోరు. చేశాక పేరు సరిచూసుకుని, వచ్చిందో లేదో అక్కడే అడిగి కదలండి.

హోటల్లో

టోకెన్ తీసుకుని మనమే పెసరట్టు ఉప్మా తెచ్చుకునే టిఫిన్ సెంటర్లో టిప్పేమీ అక్కర్లేదు. తిన్న ప్లేటు డబ్బాలో వెయ్యండి, చాలు. కూర్చోబెట్టి ఆకేసి వడ్డించే భోజనం హోటల్లో మనిషికి పది చొప్పున ఇస్తే బాగుంటుంది. నలుగురు కుటుంబంగా వెళ్లి, పిల్లలు సాంబారు ఒలకబోసి, మూడుసార్లు నెయ్యి అడిగి ఉంటే యాభై ఇవ్వండి. వడ్డించినాయన చేతికే ఇవ్వండి. కౌంటర్ మీద సోంపు పళ్లెంలో వదిలేస్తే ఎవరికి పోతుందో తెలీదు. బల్ల తుడిచే కుర్రాడిని చాలామంది మర్చిపోతారు. ఆ పదిలోంచి తనకి వాటా వచ్చే హోటళ్లూ ఉన్నాయి, రానివీ ఉన్నాయి. విడిగా ఐదో పదో ఇస్తే గొడవే లేదు.

రాజమండ్రి, కాకినాడ, భీమవరంలో ఏసీ రెస్టారెంట్లకి వెళ్తే బిల్లు కింద దాకా చదవండి. జీఎస్టీ పన్ను, అది కట్టాల్సిందే. సర్వీస్ చార్జ్ అని వేస్తే మాత్రం అది తప్పనిసరి కాదు. హోటళ్లు దాన్ని తమంతట తాము బిల్లులో కలపకూడదని, వేరే పేరుతోనూ వసూలు చేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులై 4న చెప్పింది. హోటళ్ల సంఘాలు కోర్టుకెళితే 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలనే సమర్థించింది. తీసెయ్యమని మర్యాదగా అడగండి. ఒప్పుకోకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఈ మాట మేనేజర్‌తో మాట్లాడండి, సర్వర్ మీద అరవకండి, బిల్లు తయారుచేసింది అతను కాదు. తీయించాక అందులో సగమైనా అతని చేతిలో పెట్టండి. లేకపోతే మీరు హక్కు కోసం మాట్లాడారా, డబ్బు కోసం మాట్లాడారా అని అతనికి అనుమానం వస్తుంది.

ఆటోకి మాట్లాడుకున్న డబ్బు ఇస్తే సరిపోతుంది. సామాను ఇంట్లోకి తెచ్చిపెడితే పదో ఇరవయ్యో వేసుకోండి. ఆర్టీసీ కండక్టర్‌కి టిప్పు ఉండదు. చిల్లర లేక టికెట్ వెనక బాకీ రాసిస్తే దిగేటప్పుడు గుర్తుచేసి తీసుకోండి, మొహమాటపడాల్సింది ఏమీ లేదు. నరసాపురం రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కినా అంతే, టికెట్ డబ్బు తప్ప ఇంకేం లేదు.

ఇచ్చే తీరు

ఎంత ఇచ్చామన్నదాని కంటే ఇది ముఖ్యం. గోదావరి జిల్లాల్లో వయసుతో, పనితో సంబంధం లేకుండా "అండి" అంటాం, ఆ మర్యాద డబ్బు ఇచ్చేటప్పుడు ఎక్కడికి పోతుందో తెలీదు. పెద్దాయన్ని "బాబాయ్" అనో, "ఏవండీ" అనో పిలవండి. మీ ఈడు వాళ్లైతే "తమ్ముడూ", "అక్కా". "ఒరేయ్", "ఇదిగో అబ్బీ" అని పిలిచి వంద ఇచ్చినా ఆ పిలుపే గుర్తుంటుంది.

కూలి, టిప్పు కలిపి ఒకే మొత్తంగా ఇవ్వకండి. ముందు కూలి లెక్కపెట్టి ఇచ్చి, "ఇది మీ లెక్కండి" అనండి. తర్వాత చిన్న నోటు విడిగా తీసి "ఇది పిల్లలకి ఏమైనా పట్టుకెళ్లండి" అనండి. ఇలా చేస్తే రేపు ఇంకొకరింట్లో ఆయన చెప్పే కూలి రేటు పెరగదు, మీ టిప్పు మీదిగానే ఉంటుంది. "మందుకి ఉంచు" అనే మాట అసలు వద్దు. అది సరదా అనుకుని అంటారుగానీ, ఆ మాటని ఇంటి దగ్గర భార్య వేరేలా వింటుంది.

నలుగురి ముందు నోటు ఊపకండి. ఫొటో తీయకండి.

ఇంకొకటి, మనవాళ్లు ఒప్పుకోరుగానీ ఉన్నదే చెప్తున్నాను. ఇంటికి పని చెయ్యడానికొచ్చిన మనిషికి మంచినీళ్లు అరుగు చివర విడి గ్లాసులోనో, డిస్పోజబుల్ కప్పులోనో ఇచ్చి, మీరు మాత్రం స్టీలు గ్లాసుతో తాగి, వెళ్లేటప్పుడు వంద చేతిలో పెడితే ఆ వంద ఎందుకూ కొరగాదు. మీరు తాగే గ్లాసులోనే మజ్జిగ ఇవ్వండి, కుర్చీ వెయ్యండి. రాత్రి మిగిలిన కూర, బిగుతైన చొక్కా లాంటివి ఇవ్వాలనిపిస్తే ముందు అడగండి, కావాలంటే ఇవ్వండి. వాటిని టిప్పు కింద జమ కట్టకండి.

ఇంటికొచ్చేవాళ్లు

గ్యాస్ బండ దగ్గర రోజూ జరిగే గొడవ మీకు తెలిసిందే. బిల్లు మీద ఉన్న ధరలోనే ఇంటికి తెచ్చిచ్చే ఖర్చు కలిసి ఉంటుంది. అదనంగా ముప్పయ్యో నలభయ్యో ఇస్తేనే బండ దింపుతాననడం తప్పు, ఏజెన్సీకి ఫిర్యాదు చెయ్యొచ్చు. బరువు తూచి చూపించమనీ అడగొచ్చు. ఇది మీ హక్కు. ఇప్పుడు ఇటువైపు చూడండి. గ్యాస్ 14.2 కిలోలు, ఖాళీ బండ బరువుతో కలిపి దాదాపు 30 కిలోలు. మీది లిఫ్టు లేని మూడో అంతస్తు. భుజాన వేసుకుని మెట్లెక్కి, వంటింట్లో పెట్టి, రెగ్యులేటర్ బిగించి చూపించిన మనిషికి అడక్కుండా ఇరవయ్యో ముప్పయ్యో ఇవ్వడం నా ఉద్దేశంలో సరైన పనే. వీధి గుమ్మంలో దొర్లించేసి చెయ్యి చాపితే బిల్లు డబ్బే ఇవ్వండి.

ఇంట్లో పనిచేసే అమ్మాయికి సంక్రాంతికి చీర పెట్టడం మనకి అలవాటు. చీరతో పాటు కనీసం సగం నెల జీతం చేతికివ్వండి, ఏడాది పైబడి చేస్తుంటే పూర్తి నెల. చీర రంగు తననే ఎంచుకోమనండి, లేదా ఆ డబ్బే ఇచ్చెయ్యండి. అసలైన పరీక్ష వేరే ఉంది: పండగ మూడు రోజులూ మీ ఇంట్లో చుట్టాలు, తనకీ పండగే. ఎక్కువ గిన్నెలు తోమించుకుంటే ఆ రోజుల కూలి విడిగా కట్టండి, బోనస్‌లో కలిపెయ్యకండి.

చెత్త తీసుకెళ్లే మున్సిపాలిటీ, పంచాయతీ కార్మికులకి దసరాకో సంక్రాంతికో ఇంటింటా ఏదో ఒకటి ఇవ్వడం ఉంది. వీధిలో నాలుగిళ్లవాళ్లు మాట్లాడుకుని ఒకేలా ఇవ్వండి. మేస్త్రి చేతికి కాక, రోజూ బండి తోసుకొచ్చే మనిషికే ఇవ్వండి. తడి చెత్త, పొడి చెత్త విడిగా వేసి, పగిలిన గాజు పెంకులు కాగితంలో చుట్టి చెప్పి ఇస్తే ఏడాది పొడుగునా మేలు చేసినవాళ్లవుతారు. పేపర్ కుర్రాడికి, పాలాయనకి పండక్కి వంద చొప్పున చాలు.

హరిదాసు వస్తే

ధనుర్మాసంలో తెల్లారుజామున వచ్చే హరిదాసుకి ఇచ్చేది టిప్పు కాదు, ఆ లెక్కలో చూడకండి. ఆయన తల మీద అక్షయపాత్ర, చేతిలో చిడతలు, భుజాన తంబుర. నోట కీర్తన తప్ప వేరే మాట ఉండదు, ఇమ్మని అడగడు. ముగ్గు దగ్గర ఆగి కొంచెం వంగుతాడు. అప్పుడు మీరు దోసెడు బియ్యం ఆ పాత్రలో పొయ్యాలి. చేతికివ్వకూడదు. పిల్లల చేత పోయిస్తే మరీ మంచిది, ఎత్తుకుని అందించండి. నెలంతా రోజూ బియ్యం వేసి, పండగ రోజున స్వయంపాకం, బట్టలు, డబ్బు ఇస్తారు. మీరు నెలంతా ఊళ్లో లేరు కాబట్టి పండగ నాడు ఆ లోటు పూడ్చండి. ఈ మధ్య కొందరు మోటారు సైకిల్ మీద మైకు పెట్టుకుని వస్తున్నారు. దాన్ని చూసి వెటకారం చెయ్యకండి, ఊళ్లు పెరిగాయి, నడిచేవాళ్లు తగ్గారు.

గంగిరెద్దులవాళ్లకి బియ్యం, డబ్బు, ఎద్దు మీద కప్పడానికి ఒక బట్ట. సన్నాయి కాసేపు వినండి. ఆట మధ్యలో నోటిచ్చి "ఇక పదండి" అనడం వాళ్ల కళకి అవమానం.

పెళ్లిలో

పెళ్లివారు చేసే పెద్ద పొరపాటు, ఇచ్చేదంతా క్యాటరింగ్ కాంట్రాక్టర్‌కి ఇచ్చి ఊరుకోవడం. ఆకుల ముందు పరుగులు పెట్టే కుర్రాళ్లలో చాలామంది డిగ్రీ, ఇంటర్ చదివేవాళ్లు, రోజు కూలికి వస్తారు. ఆఖరి బంతి లేచాక, సామాను ఎక్కించేలోపు, మీ ఇంట్లో ఒక బాధ్యత గల మనిషి వాళ్లని వరసగా పిలిచి కవర్లు ఇవ్వాలి. అంతకంటే ముందు వాళ్లు తిన్నారో లేదో చూడాలి. పనసపొట్టు కూర నుంచి పూతరేకుల దాకా నలభై రకాలు వడ్డించి, చివరికి అడుగంటిన పులిహోర తిని వెళ్లే కుర్రాళ్లున్నారు. వంట మేస్త్రికి పంచె, కండువా పెట్టి, కండువా కింద డబ్బు ఇవ్వడం పద్ధతి. అతని కింద గిన్నెలు తోమే ఆడవాళ్లు పెరటి వైపు ఉంటారు, వాళ్ల దగ్గరికి మీరే వెళ్లాలి.

మేళగాళ్లకి ఈనాం ఇవ్వాలనుకుంటే చేతికివ్వండి. బ్యాండు ముందు నోట్లు గాల్లో చల్లితే ఆ వాయించేవాళ్లు డప్పు వదిలి నేల మీద ఏరుకోవాలి. అది చూసి కేరింతలు కొట్టేవాళ్లకి ఏం చెప్పగలం!

పురోహితుడి దక్షిణ ముహూర్తం పెట్టుకున్నప్పుడే మాట్లాడుకోండి. గోదావరి రేవులో పిండప్రదానానికి కూడా అంతే, సంకల్పం మొదలయ్యాక అడిగితే కాదనలేరు. 2027లో పుష్కరాలు, అప్పుడు రేవుల్లో ఎంత రద్దీ ఉంటుందో 2015లో చూసినవాళ్లకి తెలుసు. ముందుగా "మొత్తం ఎంతండి, సామగ్రితో కలిపేనా?" అన్న ఒక్క ప్రశ్న చాలు. గుడిలో హారతి పళ్లెంలో వేసేది అర్చకుడికి, హుండీలో వేసేది దేవస్థానానికి. ఏది మీ ఉద్దేశమో అక్కడ వెయ్యండి. చావింట్లో మాత్రం ఈ లెక్కలన్నీ దగ్గరి చుట్టాల్లో ఒకరు తీసుకోవాలి. కర్త చేత శ్మశానం దగ్గర బేరమాడించకండి.

ఇవ్వకూడని చోట

ఒకటో తారీఖున ఇంటికొచ్చి పింఛను ఇచ్చే సచివాలయం ఉద్యోగికి అందులోంచి వందా యాభై ఇవ్వక్కర్లేదు. మీ అమ్మమ్మగారు "పాపం, అంత దూరం వచ్చాడు" అని ఇస్తుంటే ఆపండి. ఎండలో వచ్చాడు కాబట్టి మజ్జిగ ఇవ్వమనండి. తుపాను తర్వాత స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కి టీ, టిఫిన్ పెట్టండి. మన వీధికి ముందు కరెంటు ఇవ్వమని డబ్బు ఇస్తే అది లంచం. 2018లో సవరించిన అవినీతి నిరోధక చట్టం ప్రకారం ఇచ్చినవాళ్లకీ ఏడేళ్ల దాకా శిక్ష పడొచ్చు. బలవంతం మీద ఇవ్వాల్సి వస్తే ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చెయ్యాలి.

ఆసుపత్రిలో కాన్పు జరిగినప్పుడు మగపిల్లాడైతే ఇంత, ఆడపిల్లైతే ఇంత అని చెయ్యి చాపడం ఇంకా ఉంది. ప్రభుత్వాసుపత్రిలో అలా అడిగితే ఇవ్వకండి, సూపరింటెండెంట్‌కి చెప్పండి. ప్రైవేటులో ఇవ్వాలనుకుంటే డిశ్చార్జి రోజున, బిల్లు కట్టేశాక, దుప్పట్లు మార్చిన ఆయాకి, గది తుడిచినావిడకి సమానంగా ఇవ్వండి. పుట్టింది ఎవరన్నదాన్ని బట్టి ఆ మొత్తం మారకూడదు.

పాపికొండల బోటులో సరంగుకి, వడ్డించిన కుర్రాళ్లకి తిరిగొచ్చాక ఇవ్వండి. లైఫ్ జాకెట్ తీసేస్తామనో, పైన డెక్ అంచున ఫొటో దిగుతామనో, ఇంకో నలుగుర్ని ఎక్కించుకోమనో చేతిలో నోటు పెట్టకండి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగి ఏం జరిగిందో ఈ జిల్లాల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు.

వద్దంటే

మనవైపు చాలామంది, ముఖ్యంగా పెద్దవాళ్లు, "అబ్బే, ఎందుకండీ" అని చెయ్యి వెనక్కి తీసుకుంటారు. ఇంకొక్కసారి "ఉంచండి, పరవాలేదు" అనండి. రెండోసారీ వద్దంటే ఆపెయ్యండి. జేబులో కుక్కడం, పిల్లాడి చేతిలో పెట్టి పరుగెత్తడం వద్దు. దానికి బదులు ఆయన ఫోన్ నంబర్ తీసుకుని, మీ ఇంట్లో వచ్చే పనికి ఆయన్నే పిలవండి, ఆ కూలి ఏ రోజుది ఆ రోజే ఇచ్చెయ్యండి. మీరు ఊళ్లో ఉండరు కాబట్టి డబ్బు ఎవరు ఇస్తారో వెళ్లేముందు ఇంట్లో వాళ్లకి చెప్పి వెళ్లండి.